చేతి గడియారం – వేలంపాట – విలువ

కొల్లేటి లంక గ్రామాల్లో వేలంపాట అంటే తెలియనివారుండరు. ఊరుమ్మడి చెరువును చేపలకు కౌలుకిచ్చినా, బాకీపడ్డ రైతు తాకట్టు పెట్టిన నగలను బ్యాంకు అమ్మినా జరిగేది పాటే. 1993లో నిషేధం వచ్చేదాకా సారా దుకాణాలకూ పాటలుండేవి. ఈ పాటల్లో ధర వెనుక ఒక లెక్క ఉంటుంది. చెరువులో ఎంత చేప పడుతుంది, నగలో ఎంత బంగారముంది, దుకాణంలో ఎంత సారా చెల్లుతుంది అన్నదే ఆ లెక్క. లెక్క తప్పితే పాడుకున్నవాడే మునుగుతాడు.

జెనీవా, న్యూయార్కు నగరాల్లో పాత చేతి గడియారాలకు కూడా వేలంపాటలు జరుగుతాయి. అక్కడి లెక్క వేరు. 2017 అక్టోబరులో న్యూయార్కులో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా గడియారం 1 కోటి 77 లక్షల 50 వేల డాలర్లు పలికింది. మన డబ్బులో అప్పటికి సుమారు 115 కోట్ల రూపాయలు. అది బంగారంతో చేసింది కాదు, ఉక్కుది. కొత్తలో అలాంటి గడియారం ఖరీదు కొన్ని వందల డాలర్లే. పైగా ఆ రకం డయలు ఆనాడు కొనేవాళ్లకు అంతగా నచ్చలేదు. అమ్ముడుపోలేదు గనుక తక్కువగా తయారైంది. తక్కువగా తయారైంది గనుక ఈనాడు అరుదైంది.

ఈ ధర ఎక్కడి నుంచి వచ్చింది? గడియారం చేసే పని నుంచి మాత్రం కాదు. 1969 డిసెంబరులో జపాన్‌కు చెందిన సైకో కంపెనీ క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. కీ ఇచ్చే వాచీ కంటే సెల్లుతో నడిచే వాచీ కచ్చితంగా సమయం చూపిస్తుందని తేలిపోయింది. 1970లో స్విట్జర్లాండులో సుమారు 90 వేల మంది గడియార కార్మికులుండగా, 1980ల మధ్యనాటికి వారు 30 వేల పైచిలుకుకు తగ్గిపోయారు. పనిముట్టుగా ఓడిపోయిన తర్వాతే కీ ఇచ్చే వాచీ విలాస వస్తువుగా గెలిచింది.

పోనీ, ఈ ధర శ్రమ నుంచి వచ్చిందా? అదీ కాదు. దాన్ని బిగించిన చేతులే అదే బల్ల మీద వేలకొద్దీ మామూలు గడియారాలనూ బిగించాయి. శ్రమతో మళ్లీ ఉత్పత్తి చేయడానికి వీలులేని పురాతన వస్తువులు, గొప్ప కళాకారుల సృష్టులు వంటివాటి ధరలను యాదృచ్ఛిక పరిస్థితులే నిర్ణయిస్తాయని మార్క్స్ ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో అంటాడు. వేలశాల ఆ యాదృచ్ఛికతను ఒక పద్ధతి ప్రకారం తయారుచేస్తుంది. ముందుగా అంచనా ధర ప్రకటిస్తుంది. అంతకంటే తక్కువకు అమ్మకూడని కనీస ధరను అమ్మకందారుతో రహస్యంగా ఒప్పుకుంటుంది. పాట ముగిశాక కొన్నవాడి దగ్గర సుమారు నాలుగో వంతు రుసుముగా కలిపి తీసుకుంటుంది. వీటన్నిటికంటే ముఖ్యం జాబితా పుస్తకం. ఎవరు ధరించారు, ఎవరు కానుకిచ్చారు, ఎవరి పెట్టెలో ఇన్నేళ్లు దాగింది అన్న కథ అందులో ఉంటుంది. ఆ కథను నమ్మిన ధనవంతులు ఇద్దరుంటే చాలు, ధర ఆకాశానికెక్కుతుంది.

కథకే ఇంత ధర ఉన్నప్పుడు దొంగకథలు పుట్టక మానవు. 2021 నవంబరులో జెనీవాలో 1957 నాటి ఒమెగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమెగా కంపెనీ మ్యూజియమే. అది వేర్వేరు గడియారాల భాగాలతో కూర్చినదని, అందులో తన మాజీ ఉద్యోగుల పాత్ర ఉందని 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. చేసినవాడే తన సరుకును పోల్చుకోలేని స్థితి ఇది.

సేకరణకర్తలు అన్నిటికంటే ఎక్కువగా కోరేది మార్పులేనితనం. డయలు మాసిపోయినా సరే, మొదటిదే కావాలి. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో వాచీ రిపేరు చేసే మనిషి గీతలు పోయేలా మెరుగుపెట్టి, విరిగిన ముల్లు మార్చి, వెలిసిన డయలుకు రంగు వేయిస్తే వాడుకునేవాడికి అది బాగుపడ్డ వాచీ. వేలశాలకు మాత్రం చెడిపోయిన వాచీ. మన దేశంలో అలా డయలు మార్చి అమ్మే పాత స్విస్ గడియారాలను విదేశీ సేకరణకర్తలు ‘ముంబై స్పెషల్’ అని వెక్కిరిస్తారు. కొత్తదని మోసంచేసి అమ్మితే అది తప్పే. కానీ విడిభాగాలు దొరకని దేశంలో ఉన్నదానితోనే గడియారాన్ని నడిపించిన నైపుణ్యం వెక్కిరింపుకు తగింది కాదు. నటుడి చేతి మీద పడ్డ గీత చరిత్ర అయింది. గుమాస్తా చేతి మీద పడ్డ గీత లోపమైంది.

ఈ డెల్టాలో గడియారానికి మరో చరిత్ర ఉంది. ధాన్యం డబ్బు చేతిలో ఆడిన ఇళ్లలో సైకిలు, రేడియోలతో పాటు వాచీ కూడా కట్నాల జాబితాకెక్కింది. వాచీ పెళ్లికొడుకు చేతికి, అప్పు పెళ్లికూతురి తండ్రికి. ఆ కథను ఏ వేలశాలా జాబితాలో అచ్చువేయదు.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. ఆ యుద్ధకాలపు సైనిక గడియారాలకూ నేడు వేలాల్లో గిరాకీ ఉంది. చీకట్లో అంకెలు మెరవడానికి వాటికి రేడియం రంగు పూసేవారు. వయసుతో గోధుమరంగుకు తిరిగిన ఆ పూతను సేకరణకర్తలు మెచ్చుకుంటారు. ఆ పరిశ్రమ తొలినాళ్లలో, 1917 నుంచి, అమెరికాలోని న్యూజెర్సీలో అమ్మాయిలు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకుంటూ డయళ్లకు ఈ రంగే పూశారు. దవడ ఎముకలు కుళ్లి చాలామంది చనిపోయారు. అయిదుగురు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకి వచ్చింది. ధరించినవాడి పేరు గడియారం ధరను పెంచుతుంది. రంగు పూసి చచ్చిపోయిన అమ్మాయి పేరు ఒక్క డాలరు కూడా పెంచదు.

మన దగ్గరా ఇదే క్రమం మొదలైంది. జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన హెచ్‌ఎంటీ గడియారాల తయారీ 2016లో మూతపడింది. సైకో సహకారంతో వాచీలు తయారుచేసిన మన హైదరాబాద్ ఆల్విన్ అంతకు ఎంతో ముందే కనుమరుగైంది. సామాన్యుడి కోసం చేసిన ‘జనతా’ వాచీ కోసం ఇప్పుడు సేకరణకర్తలు వెతుకుతున్నారు. కార్మికులను ఇంటికి పంపిన తర్వాతనే వారు చేసిన వస్తువు ‘అరుదైనది’ అయింది.

పాత వస్తువును ప్రేమించడం తప్పుకాదు. ఒక చిన్న పెట్టెలో పళ్లచక్రాలను అంత పొందికగా అమర్చిన మానవ మేధకు ఎవరైనా చేతులెత్తి మొక్కవలసిందే. ఇంట్లో తాతగారి వాచీ ఉంటే దాని డయలు మార్చకండి, రసీదు పారేయకండి. దాంతోపాటు అది ఏ అప్పుతో కొన్నదో, ఎవరు రిపేరు చేస్తూ వచ్చారో కూడా రాసిపెట్టండి. వేలశాల రాసే చరిత్రలో లేని మనుషులు అప్పుడైనా లెక్కలోకి వస్తారు.