మొటిమలు తగ్గాయి, మరి గుంటల మాటేమిటి?

బండారులంక చేనేతకు పేరుపడిన ఊరు. ఆ ఊరినుంచి ఒక అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి మా ఆసుపత్రికి వచ్చింది. ఇంట్లో మగ్గం ఉంది. తను కాలేజీకి వెళ్తూ, సాయంత్రాలు కండెలు చుట్టిపెడుతుంది. ఎండ లేకపోయినా ముఖానికి చున్నీ చుట్టుకునే ఉంది.

"వచ్చే నెల పెళ్ళివారు చూసుకోవడానికి వస్తున్నారండి. ఈలోగా ఈ గుంటలు పూడిపోవాలండి డాక్టరు గారూ" అంది తల్లి.

"ఇంతవరకు ఏమైనా రాసిందా అమ్మా?" అని అడిగాము.

"ఆయ్, ఇది రాసిందండి" అని సంచిలోంచి ఒక ట్యూబు తీసి చూపించింది. చీటీ లేకుండా మందుల షాపులో కొన్నది. ఏడాదిన్నరగా రోజూ వాడుతోంది. మొదటి నెలలో ముఖం తెల్లబడి, మొటిమలు తగ్గాయట. ఇప్పుడు అది మానితే రెండు రోజులకే ముఖం మండిపోయి, ఎర్రబడి, మొటిమలు రెట్టింపు అవుతున్నాయి.

ఆ ట్యూబులో ఉన్నది స్టిరాయిడ్. ఒక్క నెలలో గుంటలు పూడవని ఆ తల్లికి చెప్పడం మాకు కష్టంగానే అనిపించింది. అయినా నిజమే చెప్పాము. ఇదే పరిస్థితిలో ఉన్నవారు మన కోనసీమలో ఇంకా చాలామంది ఉంటారు కనుక, ఆమెకు చెప్పిన సంగతులే మీకూ చెబుతున్నాము.

మొటిమ ఎలా పుడుతుంది?

మన చర్మంలో ప్రతి రోమకూపం పక్కన ఒక తైలగ్రంథి ఉంటుంది. యుక్తవయస్సులో హార్మోన్ల ప్రభావంవల్ల ఈ గ్రంథులు ఎక్కువ నూనెను తయారుచేస్తాయి. రోమకూపం లోపలి మృతకణాలు ఆ నూనెతో కలిసి బిరడాలాగ దారి మూసేస్తాయి. నోరు మూసుకుని ఉంటే వైట్ హెడ్, తెరుచుకుని ఉంటే బ్లాక్ హెడ్ అంటాము. బ్లాక్ హెడ్ లోని నలుపు మురికి కాదు. కాబట్టి ఎంత తోమినా పోదు.

మూతపడిన చోట సహజంగా చర్మంపై ఉండే ఒక బాక్టీరియా పెరుగుతుంది. శరీరం దానిపై పోరాడినప్పుడు వాపు, ఎరుపు, చీము వస్తాయి. 12 నుంచి 24 ఏళ్ళ మధ్య వయస్సువారిలో అత్యధికులకు ఎంతో కొంత మొటిమలు వస్తాయి. ఇది అంటువ్యాధి కాదు, అశుభ్రతకు గుర్తూ కాదు. అమ్మానాన్నలకు ఎక్కువగా వచ్చి ఉంటే పిల్లలకూ ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డంపై వెంట్రుకలు రావడంతోపాటు మొటిమలు ఉన్న ఆడపిల్లలకు అండాశయాల సమస్య ఏమైనా ఉందేమో పరీక్ష చేయించాలి.

కొబ్బరినూనె మాట

కొబ్బరి మన నేల పంట. తలకు రాసుకుంటే తప్పు లేదు. కానీ తలనిండా నూనె పెట్టుకుని, అది నుదుటి మీదికి జారుతూ ఉంటే అక్కడ రోమకూపాలు మూసుకుంటాయి. నుదుటి మీద సన్నని పొక్కులు వరుసగా వచ్చేవారు నూనె తగ్గించి చూడాలి. మొటిమలున్న ముఖానికి కొబ్బరినూనె రాయవద్దు. టూత్ పేస్టు, నిమ్మరసం, వంటసోడా కూడా చర్మాన్ని కాలుస్తాయే తప్ప మొటిమను తగ్గించవు.

మచ్చ వేరు, గుంట వేరు

ఈ తేడా తెలియక ఎంతోమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

మొటిమ తగ్గిన చోట మిగిలే గోధుమరంగు లేదా నల్లని మచ్చ కేవలం రంగు. వేలితో తడిమితే చర్మం చదునుగానే ఉంటుంది. మనవంటి చామనఛాయ చర్మంలో ఇవి ఎక్కువ. కొత్త మొటిమలు రాకుండా ఆపి, ఎండనుంచి కాపాడుకుంటే చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి.

గుంట అలా కాదు. వాపు లోతుగా దిగినప్పుడు చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే పీచు తెగిపోతుంది. నేతపనివారికి ఇది సులువుగా అర్థమౌతుంది. పడుగు, పేక రెండూ తెగిన చోట ఎంత నేర్పుగా రఫ్ చేసినా మొదటి నేత రాదు. శరీరం కూడా అంతే. పూడుస్తుంది, కానీ పాత చర్మం తిరిగి రాదు. క్రీములు రాస్తే ఈ గుంటలు పూడవు. కొందరికి దవడ, ఛాతీ, భుజాలపై గుంటకు బదులు గట్టి కణితిలాగ మచ్చ లేస్తుంది. అదే కీలాయిడ్.

ముందు మొటిమలను ఆపాలి

మొటిమలు వస్తూ ఉండగా గుంటలకు వైద్యం చేయడం పడవలో రంధ్రం మూయకుండా నీళ్ళు తోడడం వంటిది.

తక్కువగా ఉంటే అడాపలీన్ 0.1 శాతం జెల్ రాత్రిపూట, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ పగటిపూట డాక్టరు సలహాతో వాడవచ్చు. మొదటి వారాల్లో చర్మం కొద్దిగా పొడిబారి పొట్టు లేస్తుంది. ఫలితం కనబడడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులు చూసి మానేయవద్దు. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు.

నేతపనివారు ఒక జాగ్రత్త పాటించాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ రంగుబట్టలను వెలిసిపోయేలా చేస్తుంది. చేతికి ఆ జెల్ ఉండగా రంగునూలు ముట్టుకుంటే చీర పాడవుతుంది. రాసుకున్న తరువాత సబ్బుతో చేతులు బాగా కడుక్కోండి. తెల్లని దిండు గలీబు వాడండి.

చీము మొటిమలు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. యాంటీబయాటిక్ ను ఒంటరిగా, నెలల తరబడి వాడితే బాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది. పెద్ద గడ్డలు వచ్చి గుంటలు పడుతున్నవారికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు చాలా బాగా పనిచేస్తాయి. కానీ ఇవి గర్భంలోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తాయి. ఈ మందు వాడుతున్నంతకాలం, మానిన తరువాత మరో నెల రోజులు గర్భం రాకూడదు. పెళ్ళి దగ్గర పడుతున్న అమ్మాయిలు ఈ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

స్టిరాయిడ్ క్రీముతో జాగ్రత్త

ముఖం తెల్లబడుతుందని అమ్మే కొన్ని ట్యూబుల్లో బెటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ వంటి పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇవి స్టిరాయిడ్లు. కొన్ని వ్యాధులకు మంచి మందులే. కీలాయిడ్ లోకి డాక్టరు ఇచ్చే ఇంజక్షను కూడా స్టిరాయిడే. కానీ ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రని నరాలు తేలతాయి, వెంట్రుకలు మొలుస్తాయి, మొటిమలు పెరుగుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి అనేక క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. అయినా కొనేవారు అడగక, అమ్మేవారు చెప్పక వాడకం సాగుతూనే ఉంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానకుండా డాక్టరును కలిసి, వారు చెప్పిన పద్ధతిలో మానాలి.

గుంటలకు ఏ చికిత్స?

గుంటలన్నీ ఒకే రకం కాదు. అందుకే చికిత్సా ఒకటి కాదు.

సూదితో గుచ్చినట్లు సన్నగా, లోతుగా ఉన్నవాటికి గాఢమైన ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లాన్ని పుల్లతో గుంటలో మాత్రమే అంటిస్తారు. లేదా ఆ భాగాన్ని చిన్న పంచ్ తో తీసి కుట్టు వేస్తారు.

అలల్లాగ ఎత్తుపల్లాలుగా ఉన్నవాటిని చర్మం కింది పీచులు లోపలికి లాగి పట్టుకుంటాయి. సూది పంపి ఆ పీచులను తెంచడాన్ని సబ్సిషన్ అంటారు.

అంచులు నిలువుగా, వెడల్పుగా ఉన్నవాటికి మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ ఉపయోగపడతాయి. ఇవి సాధారణంగా నెలకొకసారి చొప్పున పలుమార్లు చేయాలి. మన చర్మంలో లేజర్ తరువాత నల్లబడే ప్రమాదం ఉంది కనుక అనుభవమున్న చర్మవైద్యుల దగ్గరే చేయించుకోవాలి. ఆమ్లంతో చేసే చికిత్సను బ్యూటీపార్లర్లలో ఎట్టి పరిస్థితుల్లోను చేయించుకోవద్దు.

ఎన్ని చేసినా గుంటలు నూటికి నూరుపాళ్ళు పోవు. సగానికి తగ్గినా మంచి ఫలితమే. "పూర్తిగా పోగొడతాం" అన్న ప్రకటనలను నమ్మవద్దు. కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ముందు అక్కడ చూపించుకుని, ఆపైన ఖర్చు సంగతి ఆలోచించవచ్చు.

గుర్తుంచుకోండి

మొటిమను గిల్లవద్దు. గిల్లితే వాపు లోపలికి దిగి గుంట పడుతుంది. ముఖం రోజుకు రెండుసార్లు మెత్తని సబ్బుతో కడగండి, గట్టిగా రుద్దవద్దు. ఎండలోకి వెళ్ళేటప్పుడు సన్ స్క్రీన్ గానీ గొడుగు గానీ వాడండి. తీపి, మైదా వంటకాలు తగ్గిస్తే కొందరికి మేలు చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ముఖం చూసి పిల్లలను ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేయవద్దు. మొటిమలవల్ల బడి మానేసేవారు, నలుగురిలోకి రానివారు, బతుకు మీదే విరక్తి చెందేవారు ఉన్నారు. అటువంటి మాట వింటే వెంటనే డాక్టరుకు చెప్పండి.

మళ్ళీ ఆ అమ్మాయి సంగతి. క్రీము మాన్పించడానికే మూడు నెలలు పట్టింది. మొటిమలు అదుపులోకి వచ్చిన తరువాత గుంటలకు చికిత్స మొదలైంది. పెళ్ళిచూపుల సంగతి మేము అడగలేదు. మొన్న వచ్చినప్పుడు ముఖానికి చున్నీ లేదు. గుంటలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఈసారి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాడికి గడ్డం మీద నాలుగు మొటిమలు మొదలయ్యాయట. "వీడికి ఇప్పుడే చూడండి డాక్టరు గారూ" అంది.

మేము మీ అందరికీ చెప్పదలచుకున్నదీ అదే. గుంట పడకముందే రండి.