గాజుతొట్టిలోని నీరు

తేటగా నున్న నీరు చేపలకు మంచిదే యని మేము తలంచితిమి. గాజుతొట్టిని తెచ్చిన దినముననే యిసుక పఱచి, కొళాయి నీరు నింపి, 6 గప్పీచేపలను విడిచితిమి. 5వ నాటికి నాలుగు చచ్చినవి. నీరు మాత్రము అద్దమువలె నుండెను!

కారణ మేమన, చేపలు మొప్పలద్వారా అమోనియాను విడుచుచుండును; మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. ఇది కంటికి కానరాని విషము. ఏటిలో నైనచో ప్రవాహము కొనిపోవును. తొట్టిలో నెక్కడికి పోవును? ఇసుకలోను, వడపోత స్పంజిలోను పెరుగు సూక్ష్మజీవులలో నొక తెగ దానిని నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేఱొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది కొంచెముగా నున్నంతవఱకు అంతగా బాధింపదు. ఈ తెగలు వృద్ధిపొందుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. మేమో, ఒక్కపూటయు నాగమైతిమి.

రెండవమాఱు నీటి నొకదినము వెడల్పుతొట్టిలో నిలువయుంచి, క్లోరిను పోయినపిదప నింపితిమి. (కొన్నియూళ్లలో కలుపు క్లోరమిను ఇట్లు పోదు, దానికి విఱుగుడుమందు వేయవలెను.) చేపలు లేకయే దినమునకు చిటికెడు మేత వేయుచుంటిమి. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల నీటిని తీసి, మందుచుక్కలు వేసి, కుదిపి, రంగును పటముతో పోల్చుచుంటిమి. మా మందునకు పసుపురంగు అమోనియా లేదనుటకును, ఆకుపచ్చ కలదనుటకును గుఱుతు. ఆ ఆకుపచ్చను చూచి మా తమ్ముడు సంతసించెను. మాకు సిగ్గు కలిగెను. 38వ నాడు అమోనియా, నైట్రైటు రెండును సున్న. నాడు రెండు చేపలనే విడిచితిమి.

వారమున కొకసారి నాలుగవవంతు నీటిని మార్చుచున్నాము. స్పంజిని కొళాయిక్రింద కడుగరాదు. క్లోరినుచే ఆ సూక్ష్మజీవులు చచ్చును. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.