నిల్వ ఉప్పునీరు: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో సముద్రపు చేపలు పెంచేవాళ్లు అక్వేరియంలో నీళ్లు మార్చడానికి ఉప్పునీటిని ముందే కలిపి డ్రమ్ములో ఉంచుకుంటారు. తొట్టి మీదున్న శ్రద్ధ ఈ డ్రమ్ము మీద ఉండదు. రేపు చేపలు ఊపిరి తీసుకోవాల్సింది ఆ నీళ్లలోనే. అందుకే ఈ అపోహల్ని వదిలించుకోవాలి.

అపోహ: కదపకపోతే ఉప్పు అడుగుకు దిగిపోతుంది.

వాస్తవం: పూర్తిగా కరిగిన ఉప్పు మళ్లీ విడిపోదు. అడుగున తెల్లపొడి కనిపిస్తే అది చాలావరకు కాల్షియం కార్బొనేట్. హీటరు మీద వేలు పెడితే గరుకుగా తగిలే పొర కూడా అదే. ఉప్పు మీద నీళ్లు పోస్తే ద్రావణం చిక్కబడి ఈ పొడి ఏర్పడుతుంది. మోటారు తిరుగుతున్న నీళ్లలోనే ఉప్పును కొద్దికొద్దిగా వేయండి. ఎంతసేపు తిప్పాలో ప్యాకెట్ మీద చూడండి. కొన్ని రకాలను రోజుల తరబడి తిప్పితే పొర పెరుగుతుంది.

అపోహ: బుడగలు ఎన్ని ఎక్కువైతే అంత ఆక్సిజన్.

వాస్తవం: ఆక్సిజన్ ఎక్కువగా కలిసేది నీటి ఉపరితలం దగ్గర. అడుగు నీటిని పైకి తేవడమే బుడగలు చేసే ముఖ్యమైన పని. చిన్న మోటారు మూతిని పైకి తిప్పి, నీటిమీద అలలు లేచేలా పెట్టినా చాలు. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీళ్లలో 7 లోపే కరుగుతుంది. ఎండాకాలంలో అదీ తగ్గుతుంది.

అపోహ: పీహెచ్ తగ్గితే వెంటనే దాన్ని పెంచే పొడి కలపాలి.

వాస్తవం: తరచూ కారణం నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. తలుపులు బిగించిన ఏసీ గదిలో అది పేరుకుంటుంది, గాలి పంపు అదే గాలిని నీళ్లలోకి నెడుతుంది. ముందు కిటికీ తెరిచి, కొన్ని గంటలు గాలి ఆడించి, మళ్లీ కొలవండి.

అపోహ: విశాఖ బీచిలో పట్టుకొచ్చిన నీళ్లు డబ్బాలో మూతపెట్టి ఉంచితే చాలు, అసలైన సముద్రమే కదా!

వాస్తవం: ఆ నీళ్లలో కంటికి కనిపించని ప్రాణులుంటాయి. మూసిన డబ్బాలో అవి చచ్చి కుళ్లితే ఆక్సిజన్ అయిపోయి నీళ్లు కంపు కొడతాయి. పైగా వానాకాలంలో నదుల నీరు చేరి బంగాళాఖాతంలో పైనీటి ఉప్పదనం తగ్గుతుంది. వడకట్టకుండా, కొలవకుండా వాడకూడదు.

అపోహ: డ్రమ్ములో మట్టం తగ్గితే ఉప్పునీళ్లే పోయాలి.

వాస్తవం: ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. గాలి పంపు నడిచేకొద్దీ ఆవిరి పెరుగుతుంది. ఆ లోటును ఆర్‌ఓ నీళ్లతోనే పూడ్చండి.

నిల్వ నీటిని నిరంతరం తిప్పనవసరం లేదు. వాడబోయే ముందురోజు మోటారు వేసి, సాంద్రత 1.025 దగ్గర ఉందో, వేడి తొట్టితో సమానంగా ఉందో చూసుకుని, అప్పుడే పోయండి.