జన్యువు వైరస్‌ది, పంట ఈస్టుది

కామెర్లంటే పసరు మందు గుర్తొచ్చే ఊళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇప్పటికీ ఉన్నాయి. హెపటైటిస్-బి వైరస్‌తో చిక్కేమిటంటే, కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి కాలేయంలో తిష్ఠ వేస్తుంది. కణ కేంద్రకంలో తన డీఎన్ఏను వలయంలా మార్చి దాచుకుంటుంది. టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటే కొత్త వైరస్ డీఎన్ఏ తయారీ ఆగుతుంది. ఆ వలయంలోని జన్యువులు మాత్రం పని మానవు. అందుకే మందు వాడుతున్నవాళ్ల రక్తంలోనూ వైరస్ పైపొర ప్రొటీన్ ఏళ్ల తరబడి కనిపిస్తుంటుంది.

విచిత్రంగా, టీకాకు ముడిసరుకు ఆ ప్రొటీనే. దాని జన్యువును ఈస్టులో పెట్టి చేసిన టీకా 1986లో అమెరికాలో వచ్చింది. మన దగ్గరికి దిగుమతయ్యేసరికి ఒక్క డోసు వందల రూపాయలు పలికేది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి విదేశాల్లో టెక్నాలజీ అడిగి, దొరక్క, 1993లో హైదరాబాద్‌లో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. తొలి ప్రయోగాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ పరిశోధన సంస్థ చోటిచ్చాయి.

వాళ్లు ఎంచుకున్న ఈస్టు పికియా పాస్టోరిస్. దీనికి మిథనాల్ తిని బతికే అలవాటుంది. మిథనాల్ తగిలితేనే మేల్కొనే ఒక మీట దాని డీఎన్ఏలో ఉంది. ఆ మీట వెనక వైరస్ జన్యువును తగిలిస్తారు. ముందు గ్లిజరాల్ మేపి ఈస్టును బాగా పెంచుతారు. తర్వాత మిథనాల్ వదిలితే జన్యువు పనిలోకి దిగుతుంది. కాలేయంలో మన చేతికి చిక్కని జన్యువు ఈ ట్యాంకులో చెప్పినట్టు వింటుంది. కణాలను పగలగొట్టి, ప్రొటీన్‌ను శుద్ధి చేస్తే 22 నానోమీటర్ల గుళికలు మిగులుతాయి. వాటిలో వైరస్ డీఎన్ఏ ఉండదు కాబట్టి జబ్బు రాదు. రోగనిరోధక శక్తి మాత్రం శత్రువును గుర్తుపెట్టుకుంటుంది.

1997 ఆగస్టులో శాన్‌వాక్-బి బజారుకొచ్చింది. ధరలు దిగివచ్చాయి. 2009లో కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా దేశమంతటా సర్కారు ఉచిత టీకాల్లో చేరింది.

తల్లి నుంచి పుట్టుకలోనే వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకే మొదటి సూది 24 గంటల్లోపు పడాలి. ఉట్నూరు అడవి గూడేల్లో ఇంటి దగ్గర కాన్పయితే కష్టమయ్యేది ఇదే.

ఎండలు మండే ఈ జిల్లాల్లో అందరి బెంగా వేడి గురించే. కానీ ఈ టీకాకు గడ్డకట్టడం ఇంకా ప్రమాదం. అందుకే ఏఎన్ఎం ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను వెంటనే టీకా పెట్టెలో సర్దదు. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగుతుంది. సీసా మీద అనుమానం వస్తే, కావాలని గడ్డకట్టించి కరిగించిన మరో సీసాతో కలిపి ఊపి, పక్కపక్కన నిలబెడతారు. రెంటిలో మడ్డి ఒకే వేగంతో అడుక్కి దిగితే, అనుమానపు సీసా చెడినట్టే. దాన్ని ఏ బిడ్డకూ వేయరు.