పొగగొట్టంలో రసాయనశాల

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి బయలుదేరే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం, కొంటా, సుక్మా దాటి బస్తర్ ప్రాంతపు ముఖ్యపట్టణమైన జగదల్‌పూర్ చేరుతుంది. అక్కడినుంచి కొండగావ్ మీదుగా రాయ్‌పూర్ వైపు సాగుతూ, కేశకాల్ దగ్గర మలుపులు తిరుగుతూ పీఠభూమి దిగుతుంది. కాంకేర్ వైపునుంచి ఈ రహదారి మీద బస్తర్‌లోకి వచ్చే వాహనాలు ఆ ఘాట్ ఎక్కాలి. సరుకు నింపుకుని ఎక్కుతున్న పాత పికప్ వాహనం వెనక ప్రయాణం చేస్తే నల్లటి పొగ ముఖానికి కొడుతుంది. 2020 తరువాత తయారైన పికప్ అదే బరువుతో, అదే డీజిల్‌తో ఎక్కుతున్నా పొగ దాదాపు కనిపించదు. ఎందుకని?

కారణం ప్రధానంగా కొత్త వాహనం పొగగొట్టంలో ఉంది. అది ఇప్పుడు వట్టి గొట్టం కాదు, ఒక చిన్న రసాయనశాల. కాని అందులోని ఫిల్టర్ మూసుకుపోయి, హెచ్చరిక దీపం వెలిగి, బండి లాగడం తగ్గినప్పుడు యజమానికి ఒక సలహా వినిపిస్తుంది: “దాన్ని కోసి తీసేయించు, బండి తేలికపడుతుంది.” ఈ సలహాలో నిజమెంతో తెలియాలంటే ముందు పొగ సంగతి తెలుసుకోవాలి.

మసి ఎలా పుడుతుంది?

ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలడానికి కనీసం 12 కిలోగ్రాముల గాలి కావాలి. అంటే సుమారు 10 ఘనపు మీటర్లు, ఒక చిన్న గదిలో పట్టేంత గాలి! డీజిల్ ఇంజనులో ముందుగా గాలినే గట్టిగా నొక్కి వేడెక్కిస్తారు. ఆ వేడి గాలిలోకి ఇంధనాన్ని తుంపరగా చిమ్మగానే అది తనంతట తానే అంటుకుంటుంది. తుంపర అంచులలో గాలి బాగా దొరుకుతుంది. మధ్యభాగంలో ఆక్సిజన్ చాలదు. అక్కడి ఇంధనం పూర్తిగా కాలక విచ్ఛిన్నమై, కర్బన రేణువులుగా మిగులుతుంది. అదే మసి.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. కొవ్వొత్తి జ్వాలలోని పసుపుపచ్చని భాగంలో ఒక స్టీలు చెంచాను పట్టకారుతో కొద్ది క్షణాలు ఉంచండి. చెంచా నల్లబడుతుంది. గాలి చాలని చోట పుట్టిన కర్బనమే ఆ నలుపు.

ఎక్కుడు ఎక్కేటప్పుడు డ్రైవరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు. ఇంధనం వెంటనే పెరుగుతుంది. గాలిని లోనికి నెట్టే టర్బోచార్జర్ వేగం పుంజుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలోనే నల్లపొగ ఎక్కువ. పాత ఇంజన్లలో శక్తి పెరుగుతుందని ఇంధన పంపు అమరికను మార్చి, ఎక్కువ డీజిల్ వచ్చేలా చేస్తే జరిగేదీ ఇదే. నల్లపొగ బలానికి గుర్తు కాదు. మనం డబ్బు పెట్టి కొన్న డీజిల్ సగం కాలి బయటికి పోతున్నదనడానికి గుర్తు.

వేడికీ మసికీ మధ్య పేచీ

మరి బాగా వేడిగా మండిస్తే సరిపోదా? మసి తగ్గుతుంది కాని, ఇంకొక చిక్కు వస్తుంది. జ్వాల ఉష్ణోగ్రత బాగా పెరిగితే గాలిలోని నత్రజని ఆక్సిజన్‌తో కలిసి నత్రజని ఆక్సైడ్లు ఏర్పడతాయి. ఇవి ఊపిరితిత్తులకు హానికరం. ఎండలో ఇతర కాలుష్యాలతో కలిసి ఓజోన్ వాయువు పుట్టడానికీ కారణమవుతాయి. వాటిని తగ్గించడానికి, కాలిన వాయువులో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్ళీ ఇంజనులోకి పంపుతారు. దీనిని ఇ.జి.ఆర్. అంటారు. దీనివల్ల జ్వాల వేడి తగ్గుతుంది, కాని మసి పెరుగుతుంది. ఒకటి తగ్గిస్తే రెండవది పెరుగుతుంది కనుకనే, మిగిలిన శుద్ధి పొగగొట్టంలో జరగాలి.

పొగగొట్టంలో మూడు మెట్లు

మొదటి మెట్టు ఆక్సీకరణ ఉత్ప్రేరకం. ప్లాటినం, పెల్లేడియం వంటి లోహాల పూత ఉన్న ఈ గదిలో కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు కాలిపోతాయి.

రెండవది డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, క్లుప్తంగా డి.పి.ఎఫ్. ఇది తేనెపట్టు ఆకారంలో ఉండే పింగాణీవంటి దిమ్మ. దాని సన్నని కాలువలను ఒకటి ముందువైపు, దాని పక్కది వెనకవైపు మూసి ఉంచుతారు. వాయువు గోడల సూక్ష్మరంధ్రాల గుండా పోక తప్పదు. మసి లోపల చిక్కుతుంది.

మూడవ మెట్టు బరువైన వాహనాలలోనూ, కొన్ని చిన్న వాహనాలలోనూ ఉంటుంది. 32.5 శాతం యూరియా ద్రావణాన్ని వేడి వాయువులోకి చిమ్మితే అమ్మోనియా వెలువడుతుంది. అది ఉత్ప్రేరకం మీద నత్రజని ఆక్సైడ్లతో చర్య జరిపి, వాటిని మామూలు నత్రజనిగా, నీటిఆవిరిగా మారుస్తుంది.

ఫలితమెంత? 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాలను చూడండి. బరువెక్కువ ఉన్న తేలికరకం డీజిల్ సరుకు వాహనాలకు రేణువుల పరిమితి కిలోమీటరుకు 60 మిల్లీగ్రాముల నుంచి 4.5కు తగ్గింది. నత్రజని ఆక్సైడ్ల పరిమితి 390 నుంచి 125కు దిగింది. గంధకం ఉత్ప్రేరకాలను పాడుచేస్తుంది కనుక డీజిల్‌లో దాని పరిమితిని కూడా పది లక్షల వంతులలో 50 నుంచి 10కి తగ్గించారు.

ఫిల్టర్ ఎందుకు మూసుకుపోతుంది?

చిక్కిన మసిని అప్పుడప్పుడూ కాల్చివేయాలి. దానికి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. బరువుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు పొగగొట్టం బాగా వేడెక్కుతుంది. కాని బస్తర్‌లో వారపు సంతలకు తిరిగే బండి సంగతి వేరు. కొద్ది దూరం నడిచి ఆగుతుంది, సరుకు దింపి మళ్ళీ కదులుతుంది. అడవి దారిలో వేగం ఉండదు. వాయువు తగినంత వేడెక్కదు.

అప్పుడు ఇంజనులోని కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టర్‌ను వేడిచేస్తుంది. ఆ పని మధ్యలో డ్రైవరు ఇంజను ఆపేస్తే మసి మిగిలిపోతుంది. ఇలా పదేపదే జరిగితే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇంజెక్టర్ కారినా, టర్బో గొట్టం చీలినా మసి ఎక్కువై అదే ఫలితం వస్తుంది. అంటే ఫిల్టర్ మూసుకుపోవడం చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం!

కోసి తీసేస్తే?

ఫిల్టర్ వాయువుకు కొంత అడ్డు కల్పిస్తుందన్న మాట నిజమే. ఆ వెనుక ఒత్తిడివల్ల కొద్దిగా ఇంధనం ఖర్చవుతుంది. కాని కారుతున్న ఇంజెక్టర్ ఫిల్టర్‌ను తీసినంత మాత్రాన బాగుపడదు. పైగా సెన్సర్లను మోసగించడానికి కంప్యూటర్‌లోని ప్రోగ్రామునే మార్చాలి. అన్నింటినీ మించి, ఇన్నాళ్ళూ లోపల చిక్కిన మసి సంతలో కూర్చున్నవారి ముక్కుల్లోకి పోతుంది. ఈ రేణువులలో ఎక్కువ భాగం ఒక మైక్రాను కంటె చిన్నవి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంత చిన్నవి కనుకనే ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించింది.

అమెరికాలో ఈ పరికరాలను తీసేయడం పెద్ద వ్యాపారమే అయింది. అంతకు ముందు పదేళ్ళలో అయిదు లక్షలకు పైగా డీజిల్ పికప్‌లలో వీటిని తొలగించారని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం కూడా అనుమతి లేని మార్పు నేరం. 2019 సవరణ తరువాత ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు జైలుశిక్ష గాని, రెండూ గాని విధించవచ్చు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. కాలుష్య తనిఖీ కేంద్రంలో డీజిల్ వాహనానికి కొలిచేది పొగ సాంద్రతను. నత్రజని ఆక్సైడ్లను అక్కడ కొలవరు. కనుక తనిఖీలో నెగ్గినంత మాత్రాన బండి పూర్తిగా శుభ్రంగా ఉందని చెప్పలేం.

మరి యజమాని ఏం చేయాలి?

హెచ్చరిక దీపం వెలగగానే, మాన్యువల్‌లో చెప్పినట్లు, మంచి రోడ్డు మీద నిలకడైన వేగంతో కొంతసేపు నడపాలి. ఫిల్టర్ శుద్ధి జరుగుతుండగా ఇంజను ఆపకూడదు. దీపం మళ్ళీమళ్ళీ వెలిగితే ఇంజెక్టర్లను, గాలి గొట్టాలను పరీక్ష చేయించాలి. బూడిద తక్కువగా మిగిల్చే, కంపెనీ సూచించిన ఇంజనాయిలే వాడాలి. మసి కాలిపోతుంది కాని, ఆయిల్ బూడిద కాలదు. అది పేరుకుంటే ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయించాలి. దీనికి కొంత ఖర్చవుతుంది. ఫిల్టర్ కోసేస్తే ఆ ఖర్చు పోదు, బండి వెనక నడిచేవారి ఊపిరి మీద పడుతుంది.