బాలల రచనాభ్యాసమునకు మాటల ఆటలు

అక్షరములు నేర్చిన బాలుడు పాఠ్యపుస్తకములోని పుటను తప్పు లేకుండ చూచి వ్రాయగలడు. కాని ఊరి చెరువును గురించి నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయుమన్నచో వాని కలము ఆగిపోవును. వానికి భాష రాక కాదు. అదే చెరువును గురించి ఇంటికడ గడియసేపు ముచ్చటింపగలడు. తప్పు వ్రాసినచో ఉపాధ్యాయుడు కోపించునేమో, తోటివారు నవ్వుదురేమో అను జంకే వానిని ఆపుచున్నది. ఆ జంకు తీరనిచో, వాడు పెరిగి పెద్దవాడైన పిమ్మట తన వీధికి కుళాయి కావలెనని పంచాయతీకి అర్జీ వ్రాసుకొనుటకైనను ఇతరులను ఆశ్రయింపవలసి వచ్చును.

ఈ జంకును పోగొట్టుటకు ఆట చక్కని సాధనము. ఇది మనకు క్రొత్త కాదు. అష్టావధానములో దత్తపది అను అంశము కలదు. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు పదములు ఇచ్చును. అవధాని వానిని ఇమిడ్చి పద్యము చెప్పును. ఇట్టి పద్ధతినే వచనమునకు అన్వయించి తరగతిలో ఆడింపవచ్చును.

రెండు మాటల కథ: రెండు కుండలలో మాటలు వ్రాసిన చీటీలు వేసి, ఒక్కొక్క దానినుండి ఒక చీటీ తీయించవలెను. ఇటలీ దేశపు బాలసాహిత్య రచయిత జాన్నీ రోదారి 1973లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి ఆటను వివరించెను. కుక్క, పిల్లి వంటి దగ్గరి మాటలకంటె కుక్క, బీరువా వంటి దూరపు మాటలే ఊహను కదలించును. బీరువాలో కుక్క, బీరువాతో కుక్క, కుక్క యొక్క బీరువా—విభక్తి మారినకొలది కథ మారును. వ్యాకరణము సైతము ఆటలోనే అలవడును.

గొలుసు కథ: అయిదుగురు పిల్లలు వలయముగా కూర్చుండి, ఒకే కాగితముపై తలకొక వాక్యము వ్రాయుదురు. ముందువారు వ్రాసినది శ్రద్ధగా చదివినగాని కథ సాగదు.

పొడుపు వర్ణన: రోలు, విసనకర్ర వంటి వస్తువును పేరు చెప్పక మూడు వాక్యములలో వర్ణింపవలెను. ఇతరులు పోల్చలేకపోయినచో వర్ణన చాలలేదని వ్రాసినవారికే తెలియును. ఎవరును దిద్దకుండగనే వారు తిరిగి వ్రాయుదురు.

ఈ ఆటలకు పది, పదిహేను నిమిషములు చాలును. ఆ సమయమున ఎర్రసిరాతో దిద్దుట తగదు. మొదట ఊహను రానిచ్చి, అక్షరదోషములను మరునాడు సవరింపవచ్చును. వ్రాయ వెనుకాడు బిడ్డ నోట చెప్పగా, ప్రక్కవారు వ్రాసిపెట్టవచ్చును.

పంచాయతీ సభ్యులకు ఇందు పాత్ర కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 29వ సెక్షను, పిల్లలు కృత్యముల ద్వారా నేర్చుకొనవలెననియు, భయము లేక తమ అభిప్రాయమును చెప్పగలుగవలెననియు పేర్కొనుచున్నది. 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులతోపాటు స్థానిక సంస్థల ఎన్నికైన ప్రతినిధులకును స్థానము కలదు. మీరు బడికి పోయినప్పుడు ఎన్ని పుటలు నింపిరని మాత్రమే అడుగక, ఒక బిడ్డ స్వయముగా వ్రాసినది చదివించి వినుడు. చీటీలకు కాగితములు, రచనలను అంటించుటకు ఒక గోడపలక సమకూర్చుడు. గ్రామసభలో ఊరిని గురించి ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసమును చదివింపుడు.

తరగతినుండి నవ్వులు వినిపించినంతమాత్రమున పాఠము జరుగుటలేదని తలంపరాదు. నేడు నవ్వుచు వ్రాసిన బిడ్డయే రేపు తన మాటను తానే జంకులేక వ్రాసి మీ ముందుంచగలదు.