చేతిపట్టు సడలుతోందా?

'డెబ్భై దాటాయి, ఆమాత్రం నీరసం ఉండదూ!' - పెద్దవాళ్లు చిక్కిపోతుంటే ఇంట్లో తేలిగ్గా అనేసే మాట. మరి అదే వయసులో ఒకరు పొలం గట్టున చకచకా నడుస్తుంటే ఇంకొకరు సీసా మూత కూడా తిప్పలేరెందుకు?

ఈ రెండో స్థితినే వైద్యులు 'ఫ్రెయిల్టీ' అంటారు. శరీరంలో దాచుకున్న బలం తరిగిపోవడమన్నమాట. మామూలు జ్వరానికే మంచం పట్టేస్తారు. దీన్ని కొలిచే పద్ధతిని అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం 2001లో ప్రకటించింది. 65 ఏళ్లు పైబడిన 5,317 మందిని పరిశీలించి అయిదు గుర్తులు చెప్పింది. ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, అలసట, చేతిపట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ. పదిహేను అడుగులు నడవడానికి ఆరేడు సెకన్లు పడితే నడక నెమ్మదించినట్టే. వసారాలో గడియారం చూస్తూ నడిపించినా తెలిసిపోతుంది.

'మా వంశమే అంత' అనే మాటలో కొంత నిజముంది. కవలలపై అధ్యయనాల ప్రకారం మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సగానికి కాస్త తక్కువ వాటా జన్యువులది. అలాగని ఏదో ఒక్క జన్యువే దోషి కాదు. 2021లో బ్రిటన్, స్వీడన్ ప్రజల జన్యువులను జల్లెడపడితే 14 చోట్ల సంబంధం బయటపడింది. ఒక్కోదాని ప్రభావమూ స్వల్పమే.

అసలు కథ కండరాల్లో ఉంది. భోజనం చేశాక రక్తంలో చేరే చక్కెరలో చాలా భాగాన్ని ఇన్సులిన్ సాయంతో పీల్చుకునేవి అవే. ఇన్సులిన్ మాట వాటికి వినపడకపోతే చక్కెర రక్తంలోనే మిగులుతుంది, కొత్త కండ పట్టడమూ తగ్గుతుంది. కండ తగ్గేకొద్దీ చక్కెరకు చోటు ఇంకా తగ్గుతుంది. దీనికి పొట్టచుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి పుట్టే సన్నని వాపు తోడవుతుంది. పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడితే బరువు తూచే యంత్రానికి ఇదేమీ అంతుపట్టదు.

పోయిన బలం తిరిగి రాదా? 1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్లున్న వృద్ధులతో నిపుణుల పర్యవేక్షణలో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరైతే చేతికర్ర పక్కన పెట్టేశారు!

తిండి సంగతీ చూడాలి. అరగదనో పళ్లు లేవనో పెద్దవాళ్లు చారన్నంతో సరిపెట్టుకుంటారు. వాళ్లకు శరీర బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు నిపుణులు. పప్పు, పెరుగు, గుడ్డు మానకూడదు. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడగాలి. ఇక గాజులు మోచేతిదాకా జారుతున్నా, పంచె వదులవుతున్నా ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించాలి. థైరాయిడ్, అదుపుతప్పిన మధుమేహం, మానసిక కుంగుబాటు కూడా ఇలాగే చిక్కిపోయేలా చేస్తాయి. వాటికి చికిత్స ఉంది.